గెడ్డ వెడల్పు ఎవరి చేతిలో ఉంది? – వాతావరణ మార్పూ, మన ప్రణాళికలూ

(విశాఖపట్నంలో మున్సిపల్ ఇంజినీర్లు, టౌన్ ప్లానింగ్ సిబ్బంది, వార్డు సచివాలయ కార్యదర్శుల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు మార్చకుండా ఉంచాం.)

అందరికీ నమస్కారం.

ముందు పెద్ద మాటలు చెప్పేసి పక్కన పెడదాం. 2070 నాటికి నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలే ఉద్గారాలకూ వెనక్కి పీల్చుకునేవాటికీ చెల్లు, అని మన దేశం 2021 నవంబరులో గ్లాస్గోలో ప్రకటించింది. 2022 ఆగస్టులో లక్ష్యాలు సవరించుకుని, జీడీపీలో ఒక్కో రూపాయికి వెలువడే ఉద్గారాలను 2005తో పోలిస్తే 2030కల్లా 45 శాతం తగ్గిస్తామంది. కరెంటు ఉత్పత్తి సామర్థ్యంలో సగం బొగ్గూ గ్యాసూ కాని వాటి నుంచే ఉండాలంది. అంతకు ముందే, 2008 జూన్ 30న, ఎనిమిది మిషన్లతో వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. సౌరశక్తి, ఇంధన పొదుపు, నీరు, వ్యవసాయం, పట్టణ ఆవాసాలు, హిమాలయాలు, అడవులు, విజ్ఞానం. మరుసటి ఏడాది నుంచి రాష్ట్రాలను కూడా తమ తమ ప్రణాళికలు రాసుకోమన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2012లో రాసుకుంది. 2014లో రాష్ట్రం రెండయింది.

ఇప్పుడు ఇక్కడ కూర్చున్న ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారినో, ప్లానింగ్ సెక్రటరీ గారినో అడుగుదాం. పోయిన నెల మీరు వేసిన ఎస్టిమేటులో ఈ కాగితాల వల్ల మారిన అంకె ఒక్కటైనా ఉందా? (నవ్వులు.) నవ్వారంటే జవాబు వచ్చేసినట్టే. తప్పు మీదీ కాదు, పైన రాసినవాళ్లదీ కాదు. ఆ కాగితానికీ ఈ ఎస్టిమేటుకూ మధ్య ఉండాల్సిన మెట్లు ఎవరూ కట్టలేదు. ఈ పూట మాట్లాడుకోవాల్సింది ఆ మెట్ల గురించే.

రాష్ట్ర స్థాయి ప్రణాళికలతో చిక్కు ఎక్కడొస్తుందంటే, వాటిని రాసేది పర్యావరణ శాఖ. ఖర్చు పెట్టేది నీటిపారుదల, మున్సిపల్, రోడ్లు, విద్యుత్తు, వ్యవసాయం. రాసిన శాఖ చేతిలో డబ్బు లేదు, డబ్బున్న శాఖ ఆ పుస్తకం తెరవదు. అందుకే ఆ పుస్తకాల్లో పనుల జాబితాలు చాంతాడంత ఉంటాయి, ఏ పద్దు కింద, ఏ ఏడాది, ఏ ఇంజినీరు అన్నది మాత్రం ఉండదు. విపత్తు నిర్వహణ చట్టం, 2005 ఈ విషయంలో కొంత నయం. రాష్ట్రంలో ప్రతి శాఖా తన అభివృద్ధి పనుల్లోనే విపత్తు నివారణ చర్యలు కలిపేలా రాష్ట్ర ప్రభుత్వం చూడాలని 38వ సెక్షన్ చెబుతుంది. జిల్లా ప్రణాళిక ఉండాలని 31వ సెక్షన్ చెబుతుంది. అంటే చట్టబద్ధమైన తలుపు ఇరవై ఏళ్లుగా తెరిచే ఉంది. మనం దాన్ని తుపాను వచ్చినప్పుడు బియ్యం, టార్పాలిన్ల లెక్కకే వాడుకున్నాం.

సరిహద్దుల సంగతి చూద్దాం. 2022 ఏప్రిల్ 4న విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. మరి నగరం తాగే నీళ్లెక్కడివి? రైవాడ అనకాపల్లి జిల్లాలో ఉంది. తాటిపూడి విజయనగరం జిల్లాలో ఉంది. ఏలేరు కాకినాడ జిల్లాలో ఉంది. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ మాత్రమే మన జిల్లాలో మిగిలాయి. కాబట్టి విశాఖ జిల్లా ప్రణాళికలో నీటి భద్రత అని ఎంత అందంగా రాసినా, అది పక్క జిల్లాల కలెక్టర్ల దస్త్రాల్లో లేకపోతే గాలి మాటే. ఎండాకాలంలో రైవాడ కింద ఆయకట్టుకు నీళ్లివ్వాలా, నగరానికి మళ్లించాలా అన్న పేచీ పడినప్పుడు ఏ ప్రణాళిక దిక్కు? అందుకే నీటి లెక్కకు జిల్లా మ్యాపు తీయకండి, పరీవాహక ప్రాంతం మ్యాపు తీయండి. రాజ్యాంగంలో జిల్లా ప్రణాళికా సంఘం 243 జెడ్‌డీ, మహానగర ప్రణాళికా సంఘం 243 జెడ్‌ఈ అని రెండున్నాయి. 74వ సవరణతో వచ్చాయి. ఇలాంటి పేచీలు కాగితం మీదికొచ్చి తేలాల్సిన చోటు అదే. ఆ సంఘాలు నిజంగా కూర్చుని ఏ ఏడాది పనిని ఆ ఏడాది తేల్చుకుంటే సగం తలనొప్పి పోతుంది.

ఇంకొకటి కొత్తగా వచ్చింది. విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో సవరణ చేశారు. రాష్ట్ర రాజధానులకూ, మున్సిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకూ ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టుకునే వీలు ఇచ్చారు. దానికి కమిషనర్ అధ్యక్షులు, కలెక్టర్ ఉపాధ్యక్షులు. మామూలుగా మనకు తెలిసిన వరస దీనికి తిరగబడి ఉంటుంది. నగరంలో డ్రెయిన్లు, రోడ్లు, దీపాలు, ఆస్పత్రులు ఉన్నది కమిషనర్ చేతిలో కాబట్టి ఈ వరసే సబబు. ఇలాంటి సంస్థ ఉన్న నగరంలో వరద మ్యాపును మాస్టర్ ప్లాన్‌కు తగిలించడానికి అడగాల్సిన మనిషి ఎవరో స్పష్టంగా తెలుస్తుంది.

ఇక అసలు విషయానికి, గెడ్డలకు, అంటే మన కొండల నుంచి దిగే వాగులకు వద్దాం.

మన ఊరి ఆకారం మీకు చెప్పక్కర్లేదు. ఉత్తరాన కైలాసగిరి వరస, దక్షిణాన యారాడ కొండ, పడమటి పక్కంతా కొండలే, నడుమ గిన్నెలాంటి చోటు, తూర్పున సముద్రం. కొండ మీద పడ్డ చినుకు పది, పదిహేను నిమిషాల్లో కింద రోడ్డు మీదుంటుంది. గోదావరి డెల్టాలో నీళ్లు నిలిచి ముంచుతాయి. ఇక్కడ దూకి ముంచుతాయి. ఈ తేడా పట్టించుకోకుండా డిజైన్ చేస్తే మొదటి మెట్టులోనే కాలు జారుతుంది.

డ్రెయిన్ సైజుకు మనమంతా వాడే సూత్రం ఒకటే. సీ ఇంటూ ఐ ఇంటూ ఏ, బై 360. సీ అంటే పడిన వానలో ఎన్నో వంతు పారుతుందన్నది. ఐ అంటే గంటకు ఎన్ని మిల్లీమీటర్ల తీవ్రత. ఏ అంటే హెక్టార్లు. జవాబు సెకనుకు ఘనపు మీటర్లలో వస్తుంది. ఒక ఉదాహరణ వేద్దాం, పెన్ను తీయండి. కొండవాలు కాలనీ, 40 హెక్టార్లు. పూర్వం సగం తుప్పలూ చెట్లూ ఉన్నప్పుడు సీ 0.4 అనుకుందాం. తీవ్రత గంటకు 60 మిల్లీమీటర్లు. 0.4 ఇంటూ 60 ఇంటూ 40, బై 360. రెండు పాయింట్ ఆరు ఏడు. ఇప్పుడు అదే కాలనీలో ఇళ్లూ సిమెంటు రోడ్లూ నిండాయి, సీ 0.8 అయింది. వాన మారకపోయినా ప్రవాహం 5.33 అయిపోయింది. అంటే రెట్టింపు. ఇక వాతావరణ మార్పు వాటా కలుపుదాం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. తక్కువ సేపు కురిసే జడివానల్లో పెరుగుదల అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు కాబట్టి, ముప్పై ఏళ్లు నిలవాల్సిన డ్రెయిన్‌కు తీవ్రత 20 శాతం పెంచి 72 వేద్దాం. జవాబు 6.4.

ఇప్పుడు వేగం సెకనుకు 2 మీటర్లనుకుంటే, మొదటి లెక్కకు 1.3 చదరపు మీటర్ల పైచిలుకు అడ్డుకోత, అంటే వెడల్పు ఇంటూ లోతు, చాలు. చివరి లెక్కకు 3.2 కావాలి. అంటే 2 మీటర్ల వెడల్పు, 1.6 మీటర్ల లోతు, పైన ఖాళీ వేరే. ఈ లెక్కలో ఒక విషయం గమనించారా? 2.67 నుంచి 6.4కు పెరిగిందానిలో పెద్ద భాగం సీ వల్ల వచ్చింది. అంటే మనం ఇచ్చిన బిల్డింగ్ పర్మిషన్ల వల్ల, మనం వేసిన సిమెంటు వల్ల. వాతావరణ మార్పు దాని మీద వడ్డీ. ముంపుకు కారణం ‘అసాధారణ వర్షం’ అని నివేదికల్లో రాసేసే అలవాటు మానుకోవాలి. అలా రాస్తే టౌన్ ప్లానింగ్ విభాగం బాధ్యత మాయమైపోతుంది.

ఐ విలువ ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది ఇంకో చిక్కు. రోజు మొత్తం వానను 24తో భాగించి తీవ్రత రాసిన ఎస్టిమేట్లు తిరుగుతూనే ఉంటాయి. పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచే రోజువారీ వాన రైతుకు ఉపయోగం, డ్రెయిన్‌కు కాదు. 100 మిల్లీమీటర్లు రోజంతా ముసురుగా పడితే మన గెడ్డలకు లెక్కే కాదు. అదే రెండు గంటల్లో పడితే గంటకు 50. పదిహేను నిమిషాలకోసారి వాన కొలిచే ఆటోమేటిక్ గేజ్‌ల రికార్డు తెప్పించుకోండి. దాన్నుంచి తీవ్రత, వ్యవధి, ఎన్నేళ్లకోసారి అన్న మూడు చూపే పటం తయారు చేయించండి. పాత రికార్డుతో చేసిన పటం ఎప్పుడు చేశారో దాని మీదే తేదీ వేయండి, ఐదేళ్లకోసారి మార్చండి. మీ డీపీఆర్‌లో (సవివర ప్రాజెక్టు నివేదికలో) ఆ పటం తేదీ లేకపోతే టెక్నికల్ శాంక్షన్ ఆపాలి. జాతీయ విధానం ఎస్టిమేటులోకి దిగే మొదటి మెట్టు ఇదే. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, చెక్‌లిస్టులో ఒక గడి చాలు.

‘ఐదేళ్లకోసారి వచ్చే వాన’ అన్న మాట కూడా జనాన్నీ మనల్నీ తప్పుదారి పట్టిస్తుంది. ఒకసారి వచ్చిందిగా, ఇక ఐదేళ్లు నిశ్చింత అనుకుంటారు. దానర్థం ఏటా 20 శాతం అవకాశం ఉందని. వరసగా రెండేళ్లు రావచ్చు. కార్పొరేటర్లకు చెప్పేటప్పుడు ఈ శాతం భాషే వాడండి.

గెడ్డ పక్కన వదలాల్సిన జాగా సంగతి. మన భవన నిర్మాణ నియమాల్లో వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు వదలాలి, 10 మీటర్ల లోపైతే 2 మీటర్లు. బాగానే ఉంది. కానీ ఏ వెడల్పు? ఈ రోజు కళ్లకు కనిపించే వెడల్పా, రెవెన్యూ రికార్డులోని వెడల్పా? 14 మీటర్ల గెడ్డను రెండు పక్కలా మూడేసి మీటర్లు పూడ్చేశారనుకోండి, కొలిస్తే 8 వస్తుంది. అప్పుడు వదలాల్సింది 9 నుంచి 2కి పడిపోతుంది. ఆక్రమించినవాడికి నియమమే బహుమతి ఇచ్చినట్టు. అందుకని ప్లానింగ్ సెక్రటరీలు చేయాల్సింది, ఎఫ్ఎంబీ స్కెచ్ (రెవెన్యూ సర్వే కొలతల పుస్తకంలోని పటం) మీది వెడల్పును మాస్టర్ ప్లాన్ లేయర్ మీదికి ఎక్కించి, ఆ గీత నుంచే 9 మీటర్లు కొలవడం. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ లాంటి వాటికి ఈ పని ముందు చేసి, తర్వాత రిటైనింగ్ వాల్ (మట్టి జారకుండా ఆపే గోడ) డిజైన్‌కు పోవాలి. వరస తిరగబడితే ఏమవుతుందో తెలుసా? ఆక్రమణ మిగిల్చిన ఇరుకు వెడల్పుకే మనం కాంక్రీటు గోడ కట్టి, ఆ ఆక్రమణను శాశ్వతం చేస్తాం. అదీ ప్రజల డబ్బుతో.

గోడల మాటొచ్చింది కాబట్టి కొండవాలు కాలనీల్లో గోడల గురించి రెండు ముక్కలు. రిటైనింగ్ వాల్ కూలేది ఎక్కువగా మట్టి బరువుకు కాదు, వెనక నిలిచిన నీటి ఒత్తిడికి. వీప్ హోల్స్, అంటే ఆ నీళ్లు బయటికి పోయే రంధ్రాలు, పెట్టామంటారు. వాటి వెనక కంకర వడపోత పొర వేయకపోతే రెండు వానలకే మట్టితో మూసుకుపోతాయి. కంకర పొర, వీప్ హోల్స్, గోడ పైన వాలు నీటిని పక్కకు తీసుకుపోయే క్యాచ్ డ్రెయిన్. ఈ మూడూ ఎస్టిమేటులో వేరువేరు ఐటెమ్‌లుగా ఉండాలి. ‘గోడలో భాగం’ అని కలిపేస్తే సైటులో ఎగిరిపోయేవి అవే.

ఇక గెడ్డ సముద్రంలోనో హార్బర్‌లోనో కలిసే చోటు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో విడుదల చేసిన అంచనాలో ఉత్తర హిందూ మహాసముద్రం 1993 నుంచి 2017 వరకు ఏడాదికి సగటున 3.3 మిల్లీమీటర్లు పెరిగిందని ఉంది. ముప్పై ఏళ్లకు దాదాపు 10 సెంటీమీటర్లు. ‘ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ చివరి 500 మీటర్ల డ్రెయిన్‌కు వెయ్యికి ఒకటి వాలు ఉందనుకోండి, మీ దగ్గరున్న మొత్తం వాలు 50 సెంటీమీటర్లు. అందులో 10 పోతే ఐదో వంతు పోయింది. దాని మీద పోటు, దాని మీద తుపాను ఉప్పెన. నీళ్లు బయటికి పోవడం మాని వెనక్కి తంతాయి. అవుట్‌ఫాల్ (నీళ్లు బయటికి కలిసే చోటు) దగ్గర, సముద్రపు నీళ్లు వెనక్కి రాకుండా మూసుకునే ఫ్లాప్ గేటు పెట్టి వదిలేస్తే సరిపోదు. గేటు మూసుకున్న ఆ రెండు మూడు గంటల నీళ్లు ఎక్కడ ఆగాలో చూపించాలి. పార్కో, ఆటస్థలమో, పాత చెరువో, ఏదో ఒకటి పల్లంగా మిగలాలి. ల్యాండ్ యూజ్ మార్పిడి అర్జీలు వచ్చినప్పుడు ముందు పోయేవి ఇవే పల్లపు జాగాలు. 2021 సెప్టెంబరు చివర్లో గులాబ్ తుపాను వానలకు విమానాశ్రయంలోకి నీళ్లొచ్చాయి. అక్కడ రన్‌వే పక్కనే మేఘాద్రిగెడ్డ నీరు హార్బర్ వైపు పోయే దారి ఉంది. ఆ లోతట్టులో ఎవరు ఏం కట్టినా, రిజర్వాయర్ గేట్లు ఎత్తే వేళ, పోటు వేళ, ఈ రెండూ కలిసినప్పుడు నీటి మట్టం ఎంత అన్న అంకె ముందు ఉండాలి.

పూడిక గురించి కూడా లెక్కతోనే చెబుతాను. ఇందాకటి 2 మీటర్ల వెడల్పు, 1.6 లోతు డ్రెయిన్‌లో 40 సెంటీమీటర్ల పూడిక పడిందనుకోండి. లోతులో పోయింది పావు వంతు. ప్రవాహంలో పోయేది పావు కాదు, దాదాపు 31 శాతం, ఎందుకంటే నీటి రాశి తగ్గినంతగా రాపిడి తగ్గదు. అంటే వాతావరణ మార్పు కోసం మనం అదనంగా కట్టిన 20 శాతం, ఒక్క సీజన్ పూడికలో పోయి ఇంకా అప్పు మిగిలింది. ఏ నిధి వచ్చినా కట్టడానికి ఇస్తారు, పూడిక తీతకు ఇవ్వరు. కాబట్టి కొత్త డ్రెయిన్ శాంక్షన్ ఫైల్‌లోనే ఏటా రెండు విడతల పూడికతీతకు పద్దు నంబరు రాయించుకోండి. ఒకటి జూన్‌కు ముందు, ఇంకొకటి సెప్టెంబరు ఆఖర్లో. మనకు పెద్ద దెబ్బ అక్టోబరు, నవంబరు తుపాన్లతోనే. అందరిలా జూన్‌కు ముందు ఒకసారి తీసి ఊరుకుంటే, నైరుతి తెచ్చిన మట్టితోనే డ్రెయిన్ తుపానుకు ఎదురవుతుంది.

హుద్‌హుద్ దగ్గరికి వద్దాం. 2014 అక్టోబరు 12, గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి, కైలాసగిరి దగ్గరే తీరం దాటింది. పెద్ద నగరం మీదికే నేరుగా వచ్చిన తుపాను. స్తంభాలు పడ్డాయి, టవర్లు పడ్డాయి, రోజుల తరబడి కరెంటూ ఫోనూ లేవు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టు వచ్చి, నగరంలో కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలు భూమిలోకి దించారు. విపత్తు డబ్బును పాత పద్ధతిలోనే తిరిగి కట్టడానికి కాకుండా, మార్చి కట్టడానికి వాడిన పని అది. మెచ్చుకోవాల్సిందే.

అయితే ప్రణాళిక రాసేవాళ్లు దీన్ని ‘గాలి సమస్య తీరింది’ అని టిక్కు పెట్టి వదిలేస్తే ప్రమాదం. తీగ భూమిలోకి పోయింది, స్విచ్‌గేర్ పెట్టెలు రోడ్డు పక్కన నేల మీదే ఉన్నాయి. ఆ పెట్టె, అదే రింగ్ మెయిన్ యూనిట్, కూర్చున్న దిమ్మె ఎత్తు వరద మట్టం కన్నా తక్కువుంటే, గాలికి నిలిచిన సరఫరా నీటికి పోతుంది. సిబ్బంది కూడా భయపడి ముందే ఆపేస్తారు, ఆపాలి కూడా. ప్రతి దిమ్మె ఎత్తు గతంలో నీళ్లు నిలిచిన గుర్తు కన్నా కనీసం ఒక అర మీటరు పైన ఉందో లేదో లెవెల్ తీసి పట్టిక వేయాలి. ఇది విద్యుత్ సంస్థ పని. కానీ నీళ్లు నిలిచిన గుర్తు వార్డు అమెనిటీస్ సెక్రటరీ దగ్గర ఉంటుంది. ఈ ఇద్దరూ ఒక మ్యాపు మీద కలవకపోతే పని జరగదు. ఒక ముప్పుకు చేసిన ఏర్పాటు ఇంకో ముప్పును తేకుండా చూడటం, మన పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే.

చెట్ల సంగతి టూకీగా. త్వరగా పెరిగేవి, వేరు పైపైనే పాకేవి, గొడుగులా విచ్చుకునేవి గాలికి ముందు పడతాయి. చుట్టూ మొదలు దాకా సిమెంటు వేస్తే ఏ చెట్టయినా పడుతుంది. తీరం వెంట తాడి, పొన్న, కానుగ. మొదలు చుట్టూ కనీసం మీటరు మట్టి. తుపాను కాలానికి ముందు కొమ్మలు పలుచన చేయించడం. అంతే.

బీచ్ విషయంలో మాత్రం వాతావరణ మార్పు మీదికి అంతా నెట్టొద్దు. నైరుతి గాలుల కాలంలో మన తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1970ల్లో కట్టిన అవుటర్ హార్బర్ గోడలు ఆ నడకను అడ్డుకున్నాయి. అందుకే పోర్టు దక్షిణ గోడ దగ్గర చేరిన ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి ఆర్కే బీచ్ వైపు పోయాల్సి వస్తోంది. ఇది ఒకసారి చేస్తే అయిపోయే పని కాదు, గోడలున్నంత కాలం ఏటా చేయాల్సిన పని. సముద్ర మట్టం పెరిగే కొద్దీ కావలసిన ఇసుక కూడా పెరుగుతుంది. ప్రణాళికలో దీన్ని ‘బీచ్ సుందరీకరణ’ కింద రాస్తే, డబ్బు తక్కువైన ఏడాది మొదట కోసేది దీన్నే. తీర రక్షణ నిర్వహణ కింద, ఏటా ఎన్ని ఘనపు మీటర్లు అన్న అంకెతో రాయాలి. కోతకు రాళ్లు పోస్తామంటారు చాలామంది. రాళ్లు పోసిన చోట కోత ఆగుతుంది, పక్కనున్న జాలారిపేట వైపు మొదలవుతుంది. కోస్తా నియంత్రణ జోన్ 2019 నోటిఫికేషన్‌లో సముద్రం ముంచే, కోసే మేర చూపే ప్రమాద రేఖ అని ఒకటి మ్యాపుల మీద చూపమన్నారు, అయితే దాన్ని నిర్మాణాలు ఆపడానికి కాకుండా విపత్తు ప్రణాళికకు పనిముట్టుగా ఉంచారు. చట్టం ఆపకపోయినా మనం ఆపుకోవచ్చు. ఆస్పత్రి, ఫైర్ స్టేషన్, సబ్‌స్టేషన్, పంపింగ్ స్టేషన్, ఈ నాలుగూ ఆ రేఖ దాటి సముద్రం వైపు కట్టకూడదని మాస్టర్ ప్లాన్‌లో ఒక్క వాక్యం రాసుకుంటే చాలు.

ఎండ గురించి. తీర ప్రాంతంలో 37 డిగ్రీలు, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలిగా లెక్క. మైదానంలో అది 40. కానీ మనల్ని చంపేది ఎండ కన్నా ఉక్కపోత. చెమట ఆరదు, రాత్రి కూడా ఒళ్లు చల్లబడదు. రేకుల ఇల్లు, రెండు వైపులా గాలి ఆడని గది, అందులో పెద్దవాళ్లు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వడగాలులకు వెయ్యి మందికి పైగా పోయారు. అహ్మదాబాద్ 2013లోనే నగర స్థాయి ఎండ ప్రణాళిక వేసుకుంది. దాన్ని ఉన్నదున్నట్టు దించుకోవద్దు, అది పొడి ఎండల ఊరు. మన హెచ్చరికలో తేమ కలిపిన సూచిక, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత రెండూ ఉండాలి. మజ్జిగ పందిళ్లు వేయడం సులువు, ఫొటో బాగా వస్తుంది. నిర్మాణ పనుల టెండర్ షరతుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపే నిబంధన, ఆ ఆలస్యానికి జరిమానా లేదన్న వాక్యం పెట్టడం కష్టం. ప్రాణం కాపాడేది ఆ వాక్యమే.

ఉద్గారాల వైపు చూసేటప్పుడు నిష్పత్తి మరవొద్దు. హుద్‌హుద్ తర్వాత నగరంలో దాదాపు 90 వేల వీధి దీపాలు ఎల్ఈడీలుగా మారాయి. ముడసర్లోవ మీద 2 మెగావాట్ల తేలే సౌర ఫలకాలు వచ్చాయి. ఆ రెండు మెగావాట్లు ఏడాదికి సుమారు 30 లక్షల యూనిట్లిస్తే, యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున తగ్గేది రెండు వేల టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్. పరవాడలో సింహాద్రి బొగ్గు కేంద్రం 2,000 మెగావాట్లది. డెబ్బై శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి కోటి టన్నులకు పైనే. చిన్న పనిని చిన్నబుచ్చడానికి కాదు ఇది చెప్పడం. నగర ప్రణాళికలో చేసిన పనుల పట్టిక చూసి మురిసిపోయి, ప్రాంతీయ ప్రణాళికలో తేలాల్సినదాన్ని మరిచిపోకూడదని. నీతి ఆయోగ్ గ్రోత్ హబ్‌గా ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో విశాఖ ఒకటి. పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ గిగావాట్ స్థాయి డేటా సెంటర్ ప్రకటించింది. ఒక గిగావాట్ ఏడాది పొడుగునా నిండుగా నడిస్తే 876 కోట్ల యూనిట్లు. ఆ కరెంటు ఏ గంటలో ఎక్కడి నుంచి వస్తుంది, చల్లబరచడానికి ఏ నీళ్లు వాడతారు, రైవాడ, ఏలేరు నీళ్లా, శుద్ధి చేసిన మురుగునీరా, సముద్రపు నీరా? ఈ మూడు ప్రశ్నలూ భూమి కేటాయించే రోజునే ఫైల్లో ఉండాలి. పర్యావరణ అనుమతి దశకు వచ్చేసరికి స్థలం ఖాయమైపోయి ఉంటుంది, అప్పుడడిగితే జవాబు కాకుండా సర్దుబాటు వస్తుంది.

చివరికి డబ్బు. 15వ ఆర్థిక సంఘం 2021-26కు రాష్ట్రాల విపత్తు నిధిని రెండుగా చేసింది. 80 శాతం సహాయం, పునరుద్ధరణ, సన్నద్ధతకు, 20 శాతం ముందస్తు నివారణకు. తుపాను రాకముందే ఖర్చు పెట్టగలిగిన సొమ్ము ఆ 20 శాతం. కానీ దానికి డీపీఆర్ సిద్ధంగా ఉండాలి. పట్టణ వరదలకని ఏడు పెద్ద నగరాలకు ప్రత్యేకంగా 2,500 కోట్లు కేటాయించారు, ఆ మొదటి జాబితాలో హైదరాబాద్ ఉంది, విశాఖ లేదు. జనాభా లెక్కతో ఎంచారు, ముప్పు లెక్కతో కాదు. విశాఖకు 2025లో రెండో విడతలో గానీ చోటు రాలేదు. దాని మీద అలిగి లాభం లేదు. పైనుంచి పిలుపు వచ్చిన పదిహేను రోజుల్లో పంపగలిగేలా, లెవెల్స్ తీసి, వాన పటం జతచేసి, భూమి చిక్కులు తేల్చి ఉంచిన నాలుగైదు డీపీఆర్‌లు అలమారాలో ఉండటమే మన చేతిలో ఉన్నది.

ఒడిశా 2020-21 నుంచి వాతావరణ బడ్జెట్ పత్రం వేస్తోంది, ముంబయి కార్పొరేషన్ 2024లో మొదలుపెట్టింది. మనమూ పద్దులకు గుర్తులు వేసుకోవచ్చు. అందులో జరిగే మోసం కూడా తెలుసుకోండి. పాత రోడ్డు పనికే ‘వాతావరణ అనుకూలం’ అని ముద్ర కొడతారు. దానికి విరుగుడు ఒకటే ప్రశ్న: వాతావరణ మార్పు లేకపోతే ఈ ఎస్టిమేటు ఎంత, ఉంది కాబట్టి ఎంత? ఇందాకటి డ్రెయిన్‌లో 5.33కు బదులు 6.4కు కట్టినందుకు పెరిగిన ఖర్చు, అదీ వాతావరణ ఖర్చు. డ్రెయిన్ మొత్తం కాదు. కల్వర్టు ఎత్తు ముప్పై సెంటీమీటర్లు పెంచితే ఆ ముప్పై సెంటీమీటర్లు. తేడా చూపలేని పనికి గుర్తు వేయకూడదు.

(ప్రశ్నలకు సమయం ఇచ్చారు.)

– సర్, తీవ్రత 20 శాతం పెంచితే ఆడిట్‌లో ఏ కోడ్ ప్రకారం పెంచావని అడుగుతారు. ఏం చెప్పాలి?

మంచి ప్రశ్న, అందరి మనసులో ఉన్నదే. ఏఈ ఒక్కడూ సొంతంగా పెంచకూడదండీ, పెంచితే రేపు ఆయన పెన్షన్ మీదికి వస్తుంది. కార్పొరేషన్ స్థాయిలో ఒక సర్క్యులర్ ఉండాలి. ఫలానా తేదీ నాటి వాన పటం, దాని మీద ఫలానా శాతం అదనం, ఫలానా వెడల్పు దాటిన డ్రెయిన్లకు మాత్రమే, మూడేళ్లకోసారి సమీక్ష అని. చీఫ్ ఇంజినీర్ సంతకం, కౌన్సిల్ తీర్మానం నంబరు. డీపీఆర్‌లో రెండు లెక్కలూ, అదనం లేకుండా ఒకటి, అదనంతో ఒకటి, పక్కపక్కన చూపించండి. ఆడిట్ వాళ్లు అడిగేది ఆధారం, ఆ కాగితం ఉంటే అభ్యంతరం ఉండదు.

– మా వార్డులో గేజ్ లేదండి. పక్క గేజ్ ఏడు కిలోమీటర్ల దూరం, కొండకు అవతల.

కొండకు అవతలి గేజ్ మీకు పనికిరాదు. సచివాలయం డాబా మీద టిప్పింగ్ బకెట్ గేజ్ (చిన్న బకెట్ నిండి వంగిన ప్రతిసారీ వానను లెక్కించే పరికరం) ఒకటి పెట్టించుకోండి. నీళ్ల ట్యాంకుకూ పిట్టగోడకూ దూరంగా ఉండాలి. అడ్డం ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెట్టింపు దూరంలో పెట్టాలి. నెలకోసారి గరాటులో ఆకులు తీయాలి, పావురాలు వాలకుండా పైన ముళ్ల తీగ చుట్టాలి. గడియారం సరిగ్గా ఉందో చూడాలి, సమయం తప్పితే తీవ్రత లెక్క తప్పుతుంది. అంతవరకు, నీళ్లొచ్చిన రోజు కల్వర్టు గోడ మీద మట్టం దగ్గర పెయింటు గీత గీసి, తేదీ, టైము రాసి ఫొటో తీయండి. రెండు సీజన్లు అలా చేసిన వార్డుకు డీపీఆర్ రాయడం సగం తేలికవుతుంది.